పళ్ల డాక్టరు చదువు: ఎనిమిదో తరగతిలోనే అడగవలసిన ప్రశ్న



ఈ పేజీలో మామూలుగా ఒక జబ్బు గురించో, ఒక మందు గురించో చెప్పుకుంటాం. ఈసారి ఒక చదువు గురించి చెప్పుకుందాం. పంటి నొప్పితో వచ్చినవారు కుర్చీలో కూర్చొని, "మా అమ్మాయి బై.పి.సి. చదువుతోంది సార్, పళ్ల డాక్టరు కావాలంటే ఏం చేయాలి?" అని అడగడం ఈ మధ్య ఎక్కువైంది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట కూడా ఇదే ప్రశ్న. అయితే అడిగేవారిలో చాలామంది పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా అడుగుతున్నారు. ఈ ప్రశ్న పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా అడగవలసినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వారికైతే అది మరీ ముఖ్యం. ఎందుకో ఈ పాఠంలో వివరంగా తెలుసుకుందాం.

బీడీఎస్ అంటే ఏమిటి?

మన దేశంలో పళ్ల డాక్టరుగా పనిచేయడానికి మొదటి డిగ్రీ బీడీఎస్, అంటే బ్యాచిలర్ ఆఫ్ డెంటల్ సర్జరీ. నాలుగేళ్ల చదువు, ఆ తర్వాత ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదేళ్లు. ఎంబీబీఎస్ చదివి తర్వాత పళ్ల వైపు మారవచ్చులే అని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఎంబీబీఎస్ వేరు, బీడీఎస్ వేరు. రెండూ ఇంటర్ తర్వాత మొదలయ్యే వేర్వేరు దారులు.

ఇంకొక అపోహ కూడా ఉంది. వనపర్తిలోను, నాగర్‌కర్నూల్‌లోను 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. గద్వాలలో 2024లో వచ్చింది. "మన ఊళ్లోనే మెడికల్ కాలేజీ ఉంది కదా, డెంటల్ సీటు కూడా అక్కడే దొరుకుతుంది" అని కొందరు ధీమాగా ఉంటున్నారు. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో పళ్ల విభాగం ఉండవచ్చు గాని, అక్కడ బీడీఎస్ చదువు చెప్పరు. డెంటల్ కాలేజీ వేరుగా ఉంటుంది. మన మూడు జిల్లాల్లో డెంటల్ కాలేజీ లేదు. మనకు దగ్గరగా ఉన్నది మహబూబ్‌నగర్‌లోని ఎస్వీఎస్ డెంటల్ కాలేజీ, అది ప్రైవేటుది. ప్రభుత్వ కాలేజీ కావాలంటే హైదరాబాదు వెళ్లాలి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1959 నుంచి నడుస్తోంది. అందులో బీడీఎస్ సీట్లు 100.

ఏమేం ఉండాలి?

ముందుగా ఇంటర్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి. మన ఇంటర్ బోర్డులో బోటనీ, జువాలజీ కలిస్తేనే బయాలజీ. ఇంగ్లీషు పాసయితే చాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 40 శాతం రావాలి. ఇన్నాళ్లుగా ఉన్న లెక్క ప్రకారం బై.పి.సి.లో ఈ సబ్జెక్టులకు రెండేళ్లవి, ప్రాక్టికల్స్‌తో కలిపి, 600 మార్కులు. అంటే 300 గాని, 240 గాని దాటాలి. నీట్ మీదే దృష్టి పెట్టి ఇంటర్‌ను పక్కన పడేసే పిల్లలు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఇంటర్ మార్కులు తగ్గితే బీడీఎస్ సీటు ఇవ్వరు.

వయసు చేరే సంవత్సరం డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి. పై వయసుకు పరిమితి లేదు. ఇంటర్ అయి రెండు మూడేళ్లు ఇంట్లో ఉండిపోయిన అమ్మాయి కూడా మళ్లీ ప్రయత్నించవచ్చు.

ఇక నీట్. ఒకప్పుడు మనకు ఎంసెట్ ఉండేది. 2017 నుంచి తెలంగాణలో ఎంబీబీఎస్‌కు, బీడీఎస్‌కు నీట్ ర్యాంకే ఆధారం. 2025లో ఈ పరీక్ష 180 ప్రశ్నలతో, 720 మార్కులకు, మూడు గంటలు జరిగింది. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు. కాని దరఖాస్తు నింపేటప్పుడే తెలుగు అని ఎంచుకోవాలి, తర్వాత మార్చుకోవడానికి ఉండదు. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఈ సంగతి చెప్పేవారు లేక, నెట్ సెంటర్ అబ్బాయి ఇంగ్లీషు అని నొక్కేస్తే అలాగే రాసి వస్తున్నారు. తల్లిదండ్రులు పక్కన కూర్చొని ఆ ఒక్క గడి చూసుకోవాలి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి.

నీట్‌లో 'అర్హత' అనే మాట చాలామందిని మోసం చేస్తుంది. 2025లో జనరల్ వారికి 144 మార్కులు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వారికి 113 మార్కులు వస్తే అర్హత పొందినట్టు ప్రకటించారు. 720కి 113 అంటే చాలా తక్కువే. ఇది సీటు వచ్చే మార్కు కాదు, కౌన్సెలింగ్ వరుసలో నిలబడనిచ్చే మార్కు. ప్రభుత్వ కాలేజీలో సీటుకు దీనికన్నా చాలా ఎక్కువ కావాలి. అర్హత వచ్చిందని మిఠాయిలు పంచి, సీటు రాక కుంగిపోయిన ఇళ్లు ఉన్నాయి.

చర్చి సిఫారసు ఉత్తరంతో నీట్ లేకుండా మిషన్ కాలేజీలో చేరవచ్చని ఇప్పటికీ కొందరు పెద్దలు నమ్ముతున్నారు. పాత రోజుల్లో మిషన్ సంస్థలు సొంతంగా పరీక్ష పెట్టుకొనేవి. ఇప్పుడు ఆ వీలు లేదు. మైనారిటీ సంస్థలకు కూడా నీట్ తప్పదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవారిలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కూడా ఉంది. లూధియానాలో క్రిస్టియన్ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ బీడీఎస్ ఉంది. అక్కడికైనా ముందు నీట్, తర్వాతే మిగతా కాగితాలు.

తుంగభద్ర దాటితే ఏమవుతుంది?

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. దయచేసి నిదానంగా చదవండి.

అలంపూర్ దగ్గర ఒక రైతు కుటుంబం ఉందనుకుందాం. బిడ్డ తెలివైనది. వంతెన దాటితే కర్నూలు, అక్కడ మంచి స్కూళ్లు ఉన్నాయి, హాస్టళ్లు ఉన్నాయి. ఎనిమిది దాకా ఊళ్లో చదివించి, తొమ్మిది నుంచి కర్నూలులో వేశారు. ఇంటర్ కూడా అక్కడే. అమ్మానాన్న తెలంగాణ ఓటర్లు, భూమి తెలంగాణలో, రేషన్ కార్డు తెలంగాణది. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఆ బిడ్డ తెలంగాణలో స్థానిక విద్యార్థి అవుతుందా?

ఇప్పటి నిబంధన ప్రకారం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఇచ్చిన 33వ నంబరు ఉత్తర్వు ప్రకారం, ఎంబీబీఎస్, బీడీఎస్ కన్వీనర్ సీట్లకు స్థానిక విద్యార్థి అనిపించుకోవాలంటే, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం, తెలంగాణలోనే చదివి, ఇక్కడే పాసయి ఉండాలి. దీని మీద చాలామంది హైకోర్టుకు వెళ్లారు. మా ఇల్లు ఇక్కడే, మా పుట్టుక ఇక్కడే అని వాదించారు. హైకోర్టులో వారికి ఊరట దొరికింది గాని, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వ నిబంధనే చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఇల్లు ఎక్కడన్నది కాదు, బడి ఎక్కడన్నది లెక్క.

రాష్ట్రం విడిపోయిన 2014 నుంచి పదేళ్ల పాటు అక్కడి పిల్లలకు ఇక్కడ, ఇక్కడి పిల్లలకు అక్కడ 15 శాతం సీట్లలో పోటీపడే అవకాశం ఉండేది. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. కనుక పాత రోజుల్లో మా అన్న కొడుకు కర్నూలులో చదివి హైదరాబాదులో సీటు తెచ్చుకున్నాడని ఎవరైనా చెబితే, అది ఆనాటికి నిజమే, ఈనాటికి కాదు.

అలంపూర్, ఉండవెల్లి, అయిజ వైపు వారికి కర్నూలు ఎంత దగ్గరో, గద్వాల పడమటి ఊళ్లకు రాయచూరు అంత దగ్గర. విజయవాడ, గుంటూరు ఇంటర్ కాలేజీలకు పంపేవారు వనపర్తిలోనూ ఉన్నారు. అందరికీ ఇదే లెక్క. ఇంటర్ రెండేళ్లు మాత్రమే బయట చదివినా నాలుగేళ్ల వరుస తెగిపోతుంది. తెలంగాణలో ఇంటర్ పూర్తి చేసి, ఆ తర్వాత ఒక సంవత్సరం లాంగ్ టర్మ్ కోచింగ్‌కు విజయవాడ వెళితే మాత్రం ఇబ్బంది లేదు, ఎందుకంటే అప్పటికి నాలుగేళ్లు ఇక్కడ పూర్తయ్యాయి. అక్కడ మళ్లీ ఇంటర్‌లో పేరు రాయించవద్దు.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తెలంగాణకు చెందిన ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ సంస్థల ఉద్యోగులు, సైనికులు, మాజీ సైనికులు వంటివారు ఉద్యోగరీత్యా బయట ఉండి, పిల్లలు అక్కడ చదివితే వారికి వెసులుబాటు ఇస్తామని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. సర్వీసు రికార్డు చూపాలి. బాధాకరమైన సంగతి ఏమంటే, ఆ జాబితాలో వలస కూలీ పేరు లేదు. పాలమూరు నుంచి ముంబయి, పుణె పనులకు వెళ్లేవారు పిల్లలను వెంట తీసుకుపోయి అక్కడి బడిలో వేస్తే, ఆ పిల్లలు స్థానికత పోగొట్టుకుంటారు. ఉద్యోగి బదిలీకి ఇచ్చిన విలువ కరువు బదిలీకి ఇవ్వకపోవడం న్యాయంగా లేదని ఈ రచయిత అభిప్రాయం. కాని నిబంధన మారే దాకా నిబంధనే. పనికి వెళ్లక తప్పని కుటుంబాలు తొమ్మిదో తరగతి నుంచైనా పిల్లలను ఇక్కడి గురుకులంలోనో, ప్రభుత్వ హాస్టల్లోనో, అమ్మమ్మ ఇంట్లోనో ఉంచి చదివించడం మంచిది.

దీనికి రుజువు స్టడీ సర్టిఫికెట్లు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ప్రతి సంవత్సరానిది ఉండాలి. కొన్ని ప్రైవేటు స్కూళ్లు రెండేళ్లకే మూతపడతాయి, యజమాని ఫోను ఎత్తడు, రిజిస్టర్లు ఎక్కడున్నాయో తెలియదు. కనుక పదో తరగతి పరీక్షలు కాగానే ఆ రెండేళ్ల సర్టిఫికెట్లు తెచ్చి ఇంట్లో భద్రపరచండి. మూతపడిన స్కూలైతే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి.

కుల ధ్రువపత్రం గురించి నిజాయితీగా

మన సంఘ కుటుంబాలు గుసగుసగా అడిగే ప్రశ్న ఇది. బహిరంగంగానే చెప్పుకుందాం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు ఈ నాటికీ లేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారిని, వారి సంతానాన్ని మన రాష్ట్రంలో బీసీ-సి గ్రూపులో చేర్చారు. ఆ గ్రూపుకు 1 శాతం రిజర్వేషన్. హైదరాబాదు ప్రభుత్వ డెంటల్ కాలేజీలో రాష్ట్ర వాటా 85 సీట్లు. అందులో 1 శాతం అంటే ఒక్క సీటుకు మించదు. ఇది చాలదని, క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఏళ్ల తరబడి కేసులు, వినతులు నడుస్తున్నాయి.

బాప్తిస్మం తీసుకొని, గుడికి వస్తూ, పిల్లలకు ఎస్సీ సర్టిఫికెట్ తీసుకున్న ఇళ్లు ఉన్నాయని అందరికీ తెలుసు. వారిని నిందించడం ఈ పాఠం పని కాదు. చట్టం ఏమంటుందో చెప్పడం మాత్రం మా బాధ్యత. క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషన్ కోసం మాత్రమే ఎస్సీ సర్టిఫికెట్ కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో అన్నది. ఫిర్యాదు వస్తే విచారణ జరుగుతుంది. సర్టిఫికెట్ రద్దయితే మూడో సంవత్సరంలో ఉన్న విద్యార్థి సీటు కూడా ప్రమాదంలో పడుతుంది. బంధువుల తగాదాలో, పొలం గట్టు గొడవలో ఇలాంటి ఫిర్యాదులు పుట్టుకొస్తాయి. మీ కుటుంబం సంగతి మీ సంఘ పెద్దలతోను, తెలిసిన న్యాయవాదితోను ముందే మాట్లాడుకొని, నిజమైన కాగితమే పెట్టండి.

ఎస్టీలకు ఈ చిక్కు లేదు. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. నల్లమల చెంచు పిల్లలు, లంబాడా తండాల పిల్లలు క్రైస్తవులైనా ఎస్టీలే. తెలంగాణలో 2022 నుంచి ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు కుటుంబాలు ఈ అవకాశాన్ని ఇంకా సరిగా వాడుకోవడం లేదు.

ఎస్సీలకు 15 శాతం. 2025 ఏప్రిల్ 14 నుంచి దీన్ని మూడు గ్రూపులుగా విభజించారు: 1, 9, 5 శాతాలు. కనుక పాత సర్టిఫికెట్ కాకుండా గ్రూపు రాసిన కొత్తది మీసేవలో తీసుకోవాలి. బీసీలకు ఎ నుంచి ఇ దాకా ఐదు గ్రూపుల్లో కలిపి 29 శాతం. ఏ రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకు ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం ఉంది, దాని ధ్రువపత్రం ఏటా కొత్తగా తీసుకోవాలి.

గద్వాల వైపు బోయ, వాల్మీకి కుటుంబాలకు ఒక మాట. రాయచూరులో మీ వియ్యంకులకు ఎస్టీ సర్టిఫికెట్ ఉండవచ్చు. తెలంగాణలో మీరు బీసీ-ఎ. ఒక రాష్ట్రం కుల ధ్రువపత్రం ఇంకొక రాష్ట్రం సీటుకు పనికిరాదు.

కౌన్సెలింగ్, ఏజెంట్లు

తెలంగాణలో ఈ సీట్లు నింపేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. ఉమ్మడి రాష్ట్రంలో విజయవాడ ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం ఈ పని చేసేది. ప్రభుత్వ కాలేజీలో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా కింద ఢిల్లీలోని ఎంసీసీ నింపుతుంది, మిగతా 85 శాతం మన రాష్ట్రానివి. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా, మిగతావి మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాలు. మేనేజ్‌మెంట్ సీటుకు కూడా నీట్ అర్హత కావాలి, విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ద్వారానే రావాలి. ఈ మాట రెండుసార్లు చదువుకోండి. "నీట్ లేకపోయినా పరవాలేదు, నేను చూసుకుంటాను" అని అడ్వాన్సు అడిగేవాడు ఎవరైనా సరే, ఆ మాటతోనే వాడు మోసగాడని తెలిసిపోతుంది.

ఎంబీబీఎస్ సీట్ల విడతలు నడిచిన తర్వాత సాధారణంగా బీడీఎస్ విడతలు నడుస్తాయి. ఎంబీబీఎస్ వచ్చినవారు వెళ్లిపోవడంతో బీడీఎస్ వరుస కదులుతూనే ఉంటుంది. మొదటి విడతలో సీటు రాలేదని భయపడి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టవద్దు. చివరి విడతల్లో కూడా సీట్లు దొరుకుతాయి. 2020-21లో దేశంలో సుమారు 7,000 బీడీఎస్ సీట్లు మిగిలిపోతే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఒక్క సంవత్సరానికి అర్హత పర్సంటైల్‌ను 10 తగ్గించి నింపమన్నది. ప్రతి ఏడూ అలా జరుగుతుందని ఆశ పెట్టుకోకూడదు గాని, ఖాళీ సీట్లున్న చదువులో తొందరపెట్టేవాడి మాట వినవలసిన అవసరం లేదు.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మీకు ఎక్కువ ఇష్టమైన కాలేజీని పైన పెట్టండి. 'రాదులే' అని కింద పెడితే నిజంగానే రాదు. చేరిన తర్వాత సీటు వదిలేస్తే కట్టవలసిన మొత్తం ఎంతో ఆ సంవత్సరం నోటిఫికేషన్‌లో చూసుకొని చేరండి. కన్వీనర్ సీటు వచ్చినవారికి ఆదాయ పరిమితికి లోబడి ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మేనేజ్‌మెంట్ సీటుకు లేదు. ప్రైవేటు ఫీజులను రాష్ట్ర ఫీజుల నియంత్రణ కమిటీ సిఫారసు మీద ప్రభుత్వం ఖరారు చేస్తుంది. కాలేజీ వారు అంతకు మించి అడిగితే రసీదు అడగండి.

కర్నూలులో జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ, రాయచూరులో ఏఎంఈ, నవోదయ డెంటల్ కాలేజీలు దూరంలో మనకు దగ్గరే. అయితే అక్కడి ప్రభుత్వ కోటా సీట్లు ప్రధానంగా ఆ రాష్ట్రాల పిల్లలవి. మనవారు వెళితే ఎక్కువ ఫీజు సీటుకే వెళ్లవలసి ఉంటుంది. ఐదేళ్ల ఖర్చు మొత్తం కాగితం మీద రాసుకొని, హాస్టలు, పుస్తకాలు, పనిముట్లు కూడా కలిపి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. ఈ చదువులో పనిముట్ల ఖర్చును చాలామంది మరచిపోతారు.

ఐదేళ్లూ ఏం నేర్పుతారు?

పన్ను పీకడం నేర్చుకోవడానికి ఐదేళ్లా అని ఒక పెద్దాయన నవ్వుతూ అడిగారు. మంచి ప్రశ్నే.

మొదటి సంవత్సరంలో మనిషి శరీర నిర్మాణం, అది పనిచేసే తీరు, జీవరసాయనం చదువుతారు. ఎంబీబీఎస్ పిల్లల మాదిరే శవాన్ని కోసి నేర్చుకుంటారు. దాంతోపాటు మైనపు ముద్దను చెక్కి ఒక్కొక్క పన్ను ఆకారం తయారు చేయాలి. చేతి పని ఇష్టం లేని పిల్లలకు ఇక్కడే విసుగు మొదలవుతుంది. రెండో సంవత్సరంలో రోగ విజ్ఞానం, సూక్ష్మజీవులు, మందులు, పళ్లకు వాడే సిమెంట్లు, లోహాలు. ఈ సంవత్సరమంతా బొమ్మ దవడల మీద పని. మూడో సంవత్సరంలో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, నోటి జబ్బులు. ఈ సంవత్సరం నుంచే రోగుల దగ్గరికి పంపుతారు. నాలుగో సంవత్సరంలో చిగుళ్లు, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు, క్లిప్పులు, పిల్లల పళ్లు, నోటి సర్జరీ, ఎక్స్-రే, ప్రజారోగ్యం అన్నీ ఒకేసారి. ఇంటర్న్‌షిప్‌తో సహా మొత్తం 9 ఏళ్ల లోపు పూర్తి చేయాలి.

ఇంత ఎందుకంటే, పన్ను ఒంటరిగా ఉండదు. షుగరు ఉన్నవారి చిగుళ్లు ఎందుకు వదులవుతాయో, గుండె జబ్బుకు రక్తం పలుచన చేసే మందు వాడేవారికి పన్ను పీకే ముందు ఏం అడగాలో, దవడ కింద వాపు గొంతు దాకా పాకితే ఊపిరి ఆగే ప్రమాదం ఎలా వస్తుందో తెలిసి ఉండాలి. గుట్కా నమిలేవారి నోట్లో తెల్లని మచ్చ చూసి క్యాన్సర్ ముందడుగేమో అని అనుమానించాలి. సంతలో కూర్చొని ఊడిన పన్ను చోట ప్లాస్టిక్ పన్ను అతికించి పంపేవారికి ఇవేవీ తెలియవు. అలా అతికించిన పన్ను కింద చిగురు కుళ్లి, పక్కనున్న మంచి పళ్లు కూడా కదిలి వచ్చిన రోగులను పళ్ల డాక్టర్లు తరచుగా చూస్తూనే ఉంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా దంతవైద్యం చేయడం 1948 దంతవైద్యుల చట్టం ప్రకారం నేరం. ఆ పాత చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. బీడీఎస్ చివర దేశమంతటికీ ఒకే ఎగ్జిట్ పరీక్ష పెట్టాలని కూడా అందులో ఉంది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

బీడీఎస్ తర్వాత

ఇంటర్న్‌షిప్ అయ్యాక రాష్ట్ర దంత మండలిలో పేరు నమోదు చేసుకుంటే సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. పైకి చదవాలంటే ఎండీఎస్, మూడేళ్లు, దానికి నీట్ ఎండీఎస్ అనే వేరే పరీక్ష. తొమ్మిది విభాగాలున్నాయి. దవడ సర్జరీ, క్లిప్పులు, రూట్ కెనాల్ విభాగాలకు పోటీ ఎక్కువ. మా దృష్టిలో మన ప్రాంతానికి అవసరమైనవి ప్రజారోగ్య దంతవైద్యం, పిల్లల దంతవైద్యం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పిల్లల పళ్లు గోధుమ రంగు తిరిగిన ఊళ్లు పాలమూరులో ఉన్నాయి. కాని ఆ విభాగాలు ఎంచుకునేవారు తక్కువ.

అమెరికాలో బంధువులున్నవారు డీడీఎస్, డీఎండీ అంటే ఏమిటని అడుగుతారు. రెండూ ఒకటే, అక్కడి కాలేజీని బట్టి పేరు మారుతుంది. మన బీడీఎస్‌తో నేరుగా అక్కడ వైద్యం చేయనివ్వరు. జాతీయ బోర్డు పరీక్ష రాసి, చాలా రాష్ట్రాల్లో అక్కడి కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. ఖర్చు చాలా ఎక్కువ. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో ఆశ మితంగా ఉంచుకోవాలి. డాక్టరు పోస్టులతో పోలిస్తే దంతవైద్యుల పోస్టులు చాలా తక్కువ. పట్నంలో వీధికి రెండు క్లినిక్‌లు. కొల్లాపూర్, పెబ్బేరు, అయిజ వంటి చోట్ల మాత్రం నాణ్యమైన పళ్ల వైద్యానికి ఇంకా చోటుంది.

నీట్ ర్యాంకు రాని పిల్లలకు ఇంకొక దారి ఉంది. డెంటల్ హైజీనిస్ట్, డెంటల్ మెకానిక్ అనే రెండేళ్ల డిప్లొమాలు. హైజీనిస్ట్ పళ్లు శుభ్రం చేస్తారు, రోగికి తోముకోవడం నేర్పుతారు. మెకానిక్ ల్యాబులో కట్టుడు పళ్లు, క్యాపులు తయారు చేస్తారు. ఇవి పొందినవారు డాక్టరు పర్యవేక్షణలో పనిచేయాలి, సొంతంగా పళ్లు పీకకూడదు. చేతి నైపుణ్యం ఉండి, ఐదేళ్ల ఖర్చు భరించలేని ఇంటి పిల్లలకు మెకానిక్ కోర్సు మంచి ఉపాధి. చేరే ముందు ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో రాష్ట్ర దంత మండలిలో అడిగి తెలుసుకోండి.

ఈ సంవత్సరం ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు, వచ్చే ఏడాది బడి మార్చాలనే ఆలోచన ఉంటే, ఫీజు కట్టకముందే ఒకసారి ఆసుపత్రి దంత విభాగంలో కలవండి. పదో తరగతి మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు ఏవి ఉంటే అవి వెంట తీసుకురండి. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం ఓపీ అయ్యాక కూర్చొని చూసి చెబుతాం.